ఆడి నెలకు ముందు తెచ్చిన గ్యాస్ బండ

చిత్తూరు సంతపేటలో చంద్రకాంతమ్మ ఒక వస్తువు కొనిందంటే, ఇక దాని మంచీచెడూ ఆ వీధిలో వేరెవరూ విచారించాల్సిన పని ఉండేది కాదు. అంతా ఆమే అడిగేసి ఉండేది. కుక్కరు కొనాలనుకున్న ఏడాది, కుక్కరున్న ఇళ్ళన్నిటికీ వెళ్ళి, మూత తిప్పి చూసి, రబ్బరు వాసన చూసి, "ఎప్పుడన్నా పేలిందా?" అని అడిగి వచ్చింది. పేలలేదని అందరూ చెప్పాక ఆమెకు ఇంకో దిగులు పట్టుకుంది. ఇన్నిళ్ళలో ఒక్కటీ పేలలేదంటే ఆ పేలేది తన ఇంటికే రాసిపెట్టి ఉందేమోనని.

అట్లాంటి మనిషి. పుట్టింది బంగారుపాళ్యం దగ్గర మామిడి తోపుల ఊళ్ళో. నాలుగో తరగతి దాకా చదివింది. పదహారేళ్ళకు దొరస్వామిని కట్టుకుని చిత్తూరికి వచ్చింది. దొరస్వామి బెల్లం మండీలో గుమాస్తా. ఇంటికొచ్చినా ఒంటినుండి బెల్లం వాసన పోదు, నోట్లోంచి మాట రాదు. ఏది అడిగినా "నీకు తెలిసినంత నాకేం తెల్సు మే" అనేసి ఈనాడు పేపరు విప్పుకునేవాడు. కాబట్టి ఇంట్లో ఏ నిర్ణయమైనా ఆమె నెత్తినే పడేది. నెత్తిన పడిన ప్రతిదీ ఆమె వీధి మొత్తానికీ పంచి, పదిమంది నోటా విని, చివరికి వణుకుతూ ఏదో ఒకటి చేసేది. ఉన్న ఒక్క కొడుకు మునికృష్ణకు పెళ్ళి చేసేటప్పుడూ అంతే. పిల్ల ఎట్లాంటిదని పిల్ల ఊళ్ళో చాకలి దగ్గర నుంచి బస్సు కండక్టరు దాకా అడిగింది. పిల్లకు ఆయాసం ఉందా అని మాత్రం అడగలేదు. అదెవరికి తోస్తుంది?

కోడలు లోకేశ్వరి మంచి పిల్ల. కాపురానికి వచ్చిన కొత్తలో పొయ్యి ముందు కూర్చుని దగ్గుతుంటే, అలవాటు లేకనేమో అనుకున్నారు. వానాకాలంలో తడి కట్టెలు మండక పొగ సుడులు తిరిగిన ఒకరోజు పొద్దున ఆ పిల్ల గోడ పట్టుకుని, కళ్ళు తేలేసి, గాలి కోసం నోరు తెరిచింది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ గుండెల మీద గొట్టం పెట్టి విని, "ఈ అమ్మాయికి పొగ తగలకూడదు. కట్టెల పొగైనా, కిరసనాయిలు పొగైనా అంతే. ఇకమీదట ఇంకా జాగ్రత్త, కడుపుతో ఉంది" అని చెప్పింది. రెండు కబుర్లూ ఒకే ఊపిరిలో చెప్పడంతో చంద్రకాంతమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

లోకేశ్వరిని కానుపుకు బంగారుపాళ్యం పుట్టింటికి పంపారు. ఆడపిల్ల పుట్టింది. మహిత అని పేరు పెట్టి ఉయ్యాల్లో వేసిన రోజు, భోజనాలయ్యాక, వియ్యంకుడు ధనంజయ తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ధనంజయకు నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. మాట మెత్తన, పట్టు గట్టి.

"చెల్లెమ్మా, నేను గొడవకు రాలేదు. ఐదో నెలలో బిడ్డను, తల్లిని నేనే తెచ్చి మీ ఇంట్లో దించుతా. అంతలోపల గ్యాసు పెట్టుకోండి. పొగలోకి మాత్రం పంపేది లేదు. నాకు ఒకే కూతురు."

చంద్రకాంతమ్మకు కోపం రావాలి. రాలేదు. ఆయన చెప్పింది న్యాయం కాబట్టి కోపానికి చోటు దొరకలేదు. గ్యాసు పెట్టకపోతే మనవరాలు ఈ గడప తొక్కదు. ఆ ఒక్క సంగతే బస్సులో చిత్తూరు చేరేదాకా చెవుల్లో మోగుతూ ఉంది.

గ్యాసంటే ఇప్పటిలా కాదు, తొంభైల నడుమ మాట. సర్కారు కంపెనీ గ్యాసుకు పేరు రాయించుకుని ఏళ్ళు కాచుకోవాలి. మునికృష్ణ పదో తరగతి తప్పిన ఏడాది రాయించిన పేరు, వాడికి పెళ్ళై బిడ్డ పుట్టినా కదలలేదు. పక్కింటి కుప్పమ్మకు మాత్రం ఆ గ్యాసు ఎప్పుడో వచ్చింది. పెద్దబజారు ఏజెన్సీలో గుమాస్తాను అడిగితే, "ఇంకా టైముండాదమ్మా" అని వేలు చూపించేవాడు తప్ప తల ఎత్తేవాడు కాదు. ఆ మధ్యే ప్రైవేటు గ్యాసు అంగళ్ళు రెండు వెలిశాయి. డబ్బు కడితే ఆ రోజే బండ ఇంటికి వస్తుందట. కానీ ప్రైవేటు బండ ఇంట్లోకి వస్తే సర్కారు వరసలో పేరు కొట్టేస్తారని వీధిలో ఒక పుకారు. కొట్టేయరని ఇంకో పుకారు. చంద్రకాంతమ్మ రెండిటినీ నమ్మి, రెండు విధాలా భయపడింది.

మొదటి అంగడికి ఆకుపచ్చ బోర్డు, లోపల ఫ్యాను, మెడకు టై కట్టుకున్న కుర్రాడు.

"పొయ్యి ఫ్రీ అమ్మా, ట్యూబు ఫ్రీ. చేరడానికి కొంచెం కడితే చాలు. ఇంకెక్కడా లేని స్కీము."

"బండ అయిపోతే?"

"ఒక్క ఫోను చేయండి."

"మా ఇంట్లో ఫోను లేదే."

"పక్కింటి నుంచి చేయండమ్మా."

"పక్కింట్లోనూ లేదు నాయనా. ఫోనుండేటోళ్ళకు సర్కారు గ్యాసే ఉండాది. సరేలే, బండ ధర ఎంతుంటాది?"

కుర్రాడు చెప్పాడు. సర్కారు బండ ధరకు దాదాపు రెట్టింపు. పైగా మూడేళ్ళు వీళ్ళ దగ్గరే తీసుకోవాలి. "మధ్యలో ధర పెంచితే?" అంటే, అది కంపెనీ ఇష్టమన్నాడు.

రెండో అంగడి మునివెంకటప్పది. పాత బస్టాండు వెనక సందులో. ఒకప్పుడు కిరసనాయిలు స్టవ్వులు బాగుచేసిన మనిషి. ముఖాన నవ్వు లేదు, అంగడికి బోర్డు లేదు. చేరడానికి బాగా ఎక్కువ అడిగాడు. బండ ధర కొంచెం తక్కువ. కట్టడి ఏమీ లేదు, వద్దనుకున్న రోజు బండ తిరిగిచ్చి కట్టింది తీసుకుపోవచ్చు.

"అడిగిన దినమే బండ ఇస్తావా అప్పా?"

"ఉంటే ఇస్తా. లేకుంటే లేదంటా."

"అదేం మాటబ్బా!"

"ఉండే మాట. ఒంటి బండ కావల్నా, జత కావల్నా? జత తీసుకుంటే ఒకటి అయిపోయినా ఇంగొకటి ఉంటాది. కట్టేది కూడా రెండింతలు."

ఆ రాత్రీ మరుసటి రోజూ ఆమెకు అన్నం దిగలేదు. తక్కువతో చేరి ఎక్కువకు కొనడమా, ఎక్కువతో చేరి తక్కువకు కొనడమా? వేళ్ళ మీద లెక్క వేస్తే ఒకసారి ఇది బాగుండేది, ఒకసారి అది. దొరస్వామిని అడిగితే పేపరు మడిచి, "నీకు తెలిసినంత..." అని మొదలుపెట్టాడు.

"తెలిస్తే నిన్నెందుకు అడుగుతా! మనవరాలు నీది కాదా?"

"నాదే. కానీ గ్యాసు నాకు తెలీదు."

అంగడి విషయంలో చంద్రకాంతమ్మకు తనదైన పద్ధతి ఒకటి ఉంది. జవుళి అంగడైనా, నెయ్యి అంగడైనా, కొత్తగా కొనేవాళ్ళను ఆమె లెక్కచేయదు. ఒకసారి కొని, మళ్ళీ వచ్చినవాళ్ళ ముఖం చూస్తుంది. అందుకని ఆకుపచ్చ బోర్డు ఎదురుగా పూలమ్మే ఆమె పక్కన పీట వేసుకుని, ఒక పొద్దంతా మల్లెలు కడుతూ కూర్చుంది. కొత్తవాళ్ళు నవ్వుకుంటూ వచ్చి, పొయ్యి నెత్తిన పెట్టుకుని నవ్వుకుంటూ పోయారు. ఖాళీ బండలతో వచ్చినవాళ్ళు మాత్రం అట్లా పోలేదు. ఒకాయన సైకిలు మీద ఖాళీ బండ కట్టుకుని వచ్చి, లోపల గట్టిగా అరిచి, అదే ఖాళీ బండతో బయటికొచ్చాడు. చంద్రకాంతమ్మ కడుతున్న మాల వదిలేసి ఆయన వెంట పడింది.

"ఏమన్నా, బండ ఇయ్యలేదా?"

"నువ్వెవరమ్మా?"

"చేరదామని వచ్చినా."

"చేరు. చేరేటోళ్ళకైతే బండలుండాయి. చేరినోళ్ళకే లేవు" అని ఆయన సైకిలెక్కాడు.

మర్నాడు మునివెంకటప్ప సందులో ఒక అరుగు మీద చేరి కూర్చుంది. అక్కడ కొత్తవాళ్ళు తక్కువ. ఖాళీ బండ తెచ్చినవాళ్ళలో కొందరు నిండు బండతో పోయారు. కొందరికి ఆయన మొహం మీదే లేదన్నాడు, వాళ్ళు గొణుక్కుంటూ పోయారు. కానీ అరిచినవాళ్ళు లేరు. సాయంత్రానికి ఆమె మనసు మునివెంకటప్ప వైపు ఒరిగింది. జత బండకు చేతిలో ఉన్నది చాలదు. "ఒంటి బండే చాల్లే. అయిపోయినప్పుడు రెండు దినాలు కట్టెలు పెట్టుకుందాం, పొయ్యి ఎటూ ఉండాది కదా" అని దొరస్వామి అన్నాడు. అదీ నిజమే అనిపించింది.

అరవ లెక్కన శుభకార్యాలకు పనికిరాని ఆడి నెల రేపు పుడుతుందనగా మునివెంకటప్ప రిక్షాలో బండ, పొయ్యి తెచ్చి దించాడు. వంటింట్లో అరుగు మీద పొయ్యి పెట్టి, "బిగించి వెలిగించి చూపిస్తా, అగ్గిపెట్టె ఇయ్యి" అన్నాడు.

"అయ్యో వద్దప్పా! ఈ దినం అష్టమి. రేపట్నుంచి ఆడి. కొత్త పొయ్యి వెలిగించేదా? శ్రావణంలో నా మనవరాలు వస్తాది, ఆ దినం పాలు పొంగించల్ల. అప్పుడు రా."

"నా కండ్ల ముందర వెలిగించి చూసుకుంటే మంచిది. తర్వాత నన్ను అనొద్దు."

"నిన్నెందుకంటా!"

"వెలిగించి చూపకుండా పోయే ఇల్లు ఇదే మొదులు" అంటూ ఆయన వెళ్ళిపోయాడు.

కొత్త వస్తువు ఇంటికొస్తే పసుపు కుంకుమ పెట్టకుండా ఎట్లా? చంద్రకాంతమ్మ పొయ్యికి పెట్టింది, ట్యూబుకు పెట్టింది. బండకు నుదురు ఎక్కడో తేల్చుకోలేక, నెత్తి మీది తెల్లమూత గుంజి తీసింది. కింద చిన్న గుంత. అందులో పసుపు ముద్ద వేలితో నొక్కి పెట్టేసరికి బండ "బుస్"మంది. ఆమె అక్కడినుంచి వీధి వాకిలి దాకా పరుగెత్తింది.

పక్కింటి కుప్పమ్మ బయటికొచ్చి, "ఏమే చంద్రకాంతా, బండలో నాగుబాముండాదా?" అని నవ్వింది.

కాసేపటికి ధైర్యం చేసుకుని లోపలికి పోయి, మూత మళ్ళీ బోర్లించి పెట్టింది. కానీ ఇక దాన్ని ఇంట్లో ఉంచుకునే గుండె ఆమెకు లేదు. దొరస్వామి చేత మోయించి, పెరట్లో బట్టలుతికే రాయి పక్కన నిలబెట్టించి, తడిగోనె కప్పి, పైన గంప బోర్లించింది. ఆ నెలంతా ఆడిగాలి చెట్లను వంచి ఊపింది. గాలికి గంప కదిలినప్పుడల్లా ఆమె గుండె కదిలేది. రోజూ వంటింటి వాకిట్లో నిలబడి దూరం నుంచే చూసేది. దగ్గరికి పోయి ముట్టిందిలేదు.

శ్రావణంలో ఒక శుక్రవారం ముహూర్తం. మునికృష్ణకు మామిడి పల్పు ఫ్యాక్టరీలో సీజను ఇంకా ముగియక సెలవు దొరకలేదు, సాయంత్రానికి వస్తానన్నాడు. పొద్దెక్కేసరికి ధనంజయ అద్దె కారులో వచ్చాడు. లోకేశ్వరి ఒళ్ళు చేసి, రంగు తేలి, చంకలో బిడ్డతో దిగింది. మహిత అచ్చం దొరస్వామి ముఖం. చంద్రకాంతమ్మ తల్లీబిడ్డలకు హారతి తిప్పింది. ఇక పాలు పొంగాలి.

మునివెంకటప్ప పిలిచిన దినానికి వచ్చాడు. పెరట్లోకి పోయి గంప తీసి, గోనె తీసి, రెండు చేతులతో బండ ఎత్తబోయి, తూలి వెనక్కి పడబోయాడు. అంత తేలిగ్గా లేచింది.

"ఇదేందమ్మా! వెలిగించలేదంటివే?"

"లేదప్పా. ముట్టనే లేదు."

ఆయన ఊపి చూశాడు. మూత తీశాడు. మూత సగమే కూర్చుని ఉంది. గుంతలో పసుపు ఎండి పెచ్చులు కట్టి ఉంది. ముక్కు దగ్గర పెట్టి, తల పక్కకు తిప్పుకున్నాడు.

"దీంట్లో పసుపు ఎవరు పెట్టినారు?"

అందరూ పెరటి వాకిట్లో నిలబడి ఉన్నారు. ధనంజయ ఉన్నాడు, లోకేశ్వరి ఉంది. ఒక్క అబద్ధం చాలు, మీ అంగట్లోనే అట్లా వచ్చిందని. చంద్రకాంతమ్మ నాలుక మీద ఆ మాట తిరిగింది కూడా. చేరినవాళ్ళకు మొహం మీదే లేదని చెప్పే మనిషి ముందు అది బయటికి రాలేదు.

"నేనేనప్పా. కొత్త వస్తువు కదా అని..."

"లోపల గుంతలోకా? ఆడ సన్న పిన్ను ఉంటాది. పసుపు ఇరుక్కుని అది సరిగ్గా మూసుకోలా. ఇన్ని దినాలూ కొంచెం కొంచెంగా గాలికి పోయింది." ఆయన దేవుడి గూట్లో వెలుగుతున్న దీపం వైపు చూశాడు. "ఇంట్లో పెట్టుకుని ఉంటే..." అని ఆగాడు. "భయపడి బయట పెట్టినావు, అంతవరకూ మేలు."

లోకేశ్వరి బిడ్డను గట్టిగా హత్తుకుంది.

"ఇంగో బండ తెచ్చియ్యప్పా" అంది చంద్రకాంతమ్మ. "ఇప్పుడే. డబ్బులిస్తా."

"అంగట్లో లేదు. సోమవారం లారీ వస్తాది."

దొరస్వామి దగ్గి, చాలా రోజులకు తనంతట తానుగా ఒక మాట అన్నాడు. "మూడు దినాలే కదా. ఈలోగా పొయ్యి..." ఆయన చూపు వంటింటి మూల నల్లగా కూర్చున్న కట్టెల పొయ్యి మీదికి పోయింది. ధనంజయ చూపూ అటే పోయింది.

ధనంజయ అరుస్తాడనుకుంది చంద్రకాంతమ్మ. అరవలేదు. అరుగు మీద పెట్టిన సంచి తీసి భుజాన వేసుకున్నాడు.

"లోకా, పోదాం పా. బిడ్డను కప్పుకో, ఎండ ఎక్కతా ఉండాది."

"నాయనా, ఈ మూడు దినాలు నేను ముందింట్లోనే..."

"మూడు దినాలు కాదు తల్లీ." ఆయన చంద్రకాంతమ్మ వైపు తిరిగాడు. "సోమవారం బండ వస్తాది, సరే. అది ఒక నెల ఉంటాది. అయిపోయిన దినం? అప్పుడూ ఈయన లేదంటాడు. అప్పుడూ ఆ పొయ్యే కదా చెల్లెమ్మా? బండ తెచ్చినారు, కాదన్లేదు. పొయ్యి ఉండనే ఉండాది."

ఇన్నిళ్ళు తిరిగి, ఇంతమందిని ఇన్ని మాటలు అడిగిన ఆడమనిషికి ఆ ఒక్క ప్రశ్న తోచకపోలేదు. దొరస్వామి మాటతో దాన్ని కప్పేసుకుంది. కారు డ్రైవరు హారన్ కొట్టాడు.

"అన్నా, లోకాను వాకిట్లోకి తీసుకపో. బిన్నా తీసుకపో" అని తొందరపెట్టింది.

పొమ్మంటోందని అందరూ అనుకున్నారు. లోకేశ్వరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళు వీధిలోకి వచ్చారో లేదో, లోపలినుంచి గడ్డపార దెబ్బ వినిపించింది. తర్వాత ఇంకొకటి. చంద్రకాంతమ్మ ఎవరినీ అడగలేదు. కుప్పమ్మను పిలవలేదు, మొగుడి ముఖం చూడలేదు. పదహారేళ్ళప్పుడు ఎర్రమట్టి తొక్కి తన చేత్తో వేసుకున్న పొయ్యి అది. మొదటి దెబ్బకు మట్టి రాలింది, రెండో దెబ్బకు పక్కగోడ విరిగింది. ఏళ్ళ తరబడి పేరుకున్న మసి గుప్పున లేచి ఆమె ముఖాన్నీ, పట్టుచీరనూ నల్లగా కప్పింది.

"మే! పిచ్చి పట్టిందా? రేపు సంగటి యాడ చేస్తావే?" అని దొరస్వామి గుమ్మంలో నిలబడి అరిచాడు.

"తెలీదు" అంది ఆమె, ఇంకో దెబ్బ వేస్తూ.

కుప్పమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి, విరిగిన పొయ్యినీ మనిషినీ మార్చి మార్చి చూసింది. "మా ఇంట్లో బండ నిండుగా ఉండాదిలే మే. ముందు ఆ పాలగిన్నె ఇట్లా తే. టైము దాటిపోతాది. పాలు ఎవురింట్లో పొంగితే ఏమి!" అని గిన్నె లాక్కుని, లోకేశ్వరి చెయ్యి పట్టుకుని తన ఇంట్లోకి తీసుకుపోయింది.

ధనంజయ లోపలికి వచ్చాడు. మట్టిపెళ్ళల మధ్య చంద్రకాంతమ్మ కూలబడి ఉంది. చేసేదాకా లేని భయమంతా ఇప్పుడు ఒక్కసారిగా వచ్చి పడింది. సోమవారం దాకా ఏం చేయాలి? కుప్పమ్మ మొహం మాడ్చుకుంటే? మునికృష్ణ ఏమంటాడు? సర్కారు వరసలో పేరు ఏమవుతుంది?

"ఇంగ ఈ ఇంట్లో పొగ లెయ్యదన్నా" అంది ఊపిరి తీసుకుంటూ. "లెయ్యాలన్నా తావు లేదు."

ధనంజయ ఆ మట్టిని చూశాడు. తర్వాత వీధిలోకి పోయి కారు వాడికి డబ్బిచ్చి, "నువ్వు పో అబ్బా. నేను సోమవారం బస్సుకొస్తా" అని పంపేశాడు. వచ్చి సంచి దింపి, దొరస్వామి పక్కన కూర్చున్నాడు.

చంద్రకాంతమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, మసి ఇంకా పులుముకుని, పెరట్లో బండను గోనెలో చుడుతున్న మునివెంకటప్ప దగ్గరికి పోయింది.

"ఒంటిది కాదప్పా, జత రాసుకో. నా కమ్మలు కుదువ పెట్టి కడతా."

"సరే."

"సోమవారం లారీ వస్తాదా?"

"వస్తాది."

"రాకుంటే?"

మునివెంకటప్ప గోనె ముడి బిగించసాగాడు. ఆమె ఇంకా దగ్గరికి జరిగింది.

"ఆ లారీ యాడ్నుంచి వస్తాది? ఎన్ని గంటలకు? తోలేదెవరు, పేరేంది?"